కడపటి నమోదు

మా కంది గ్రామమున నొక పొలమునకు పట్టాదారుడెవడో తెలియగోరువాడు మున్ను సేత్వారును, 1954-55 నాటి ఖాస్రా పహాణీని, పిదప ఏటేటి పహాణీలను, మార్పులు వ్రాసెడి ఫైసల్ పట్టీని తిరుగవేయవలసి యుండెను. ఒక్కొక్క సర్వే నంబరునకు నమోదులు పెక్కు. కావలసినది చెల్లుబడియైన వానిలో కడపటి దొక్కటే. పట్వారి దానిని వ్రేలితో వెదకి పట్టెడివాడు.

ఆ వ్రేలి పని యంత్రమునకు వచ్చిన చరిత్ర చిన్నది. 1970లో కాడ్ అను విద్వాంసుడు సమాచారమంతయు పట్టికలుగా నుంచవచ్చునని నిరూపించెను. 1974లో ఐబీఎం సంస్థయందలి చాంబర్లిన్, బాయిస్ అనువారు ఆ పట్టికలను ప్రశ్నించు భాషను ప్రకటించిరి. నేటి ఎస్‌క్యూఎల్ దాని సంతతియే. పహాణీలును కంప్యూటరు కెక్కినవి. 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చినవి.

ఇందు మొదట నంబరు వారీగా మిక్కిలి కడపటి తేదీని తీయుదురు. కాని తేదీ పేరు చెప్పదు. కావున నంబరు, తేదీ రెండును సరిపడునట్లు ఆ ఫలితమును మూలపట్టికతోనే మరల కలుపుదురు. మావంటివారికిది వింత గాదు; క్రియను పట్టుకొని కర్తకై ఆ శ్లోకమునే మరల వెదకుట గదా!

చిక్కంతయు వడపోత యెప్పుడనుటలో నున్నది. 112వ నంబరున 1978లో తండ్రి పేరు, 1996లో కుమారుని పేరు ఎక్కినవనుకొందము. 2003లో పరుని దరఖాస్తు త్రోసివేయబడినది. ముందు తేదీ తీసి, పిమ్మట త్రోసివేసినవానిని విడిచినచో, 2003తోపాటు ఆ పొలమే జాబితానుండి మాయమగును. ముందే వడపోసినచో కుమారుని పేరు నిలుచును. ఒకే దినమున రెండు నమోదులున్నచో వరుస సంఖ్యయు చూడవలెను.