డబ్లిన్ చదువు: వి. వి. గిరి జీవితంలో మూడేండ్లు

విదేశాలలో చదివివచ్చినవారి జీవితచరిత్రలలో ఆ చదువుకు సాధారణంగా ఒక పేరా దక్కుతుంది: ఏ కళాశాల, ఏ పట్టా, ఏ సంవత్సరం తిరుగుప్రయాణం. వరాహగిరి వేంకటగిరి విషయంలో ఈ పద్ధతి చాలదు. 1913 నుంచి 1916 వరకు డబ్లిన్ నగరంలో ఆయన అభ్యసించినది న్యాయశాస్త్రం. ఆ పిమ్మట ఆయనకు దేశవ్యాప్తంగా పేరు తెచ్చినది కార్మికోద్యమం. ఈ రెంటినీ కలిపే దారి పాఠ్యప్రణాళికలో కానరాదు. దానిని ఆనాటి డబ్లిన్ జీవితంలో వెదకవలసి ఉంటుంది.

గిరి 1894లో బరంపురంలో జన్మించారు. గంజాం అప్పటికి మద్రాసు రాజధానిలో భాగం. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది. కుమారుడు బారిష్టరు కావలెనన్న కోరిక అట్టి కుటుంబాలలో సహజమే. అయితే బారిష్టరు చదువుకు పోయేవారు సాధారణంగా లండను దారి పట్టేవారు. 1909లో మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ వైలీని కాల్చిచంపిన తరువాత అక్కడి భారతీయ విద్యార్థులపై నిఘా పెరిగింది; న్యాయవిద్యాసంస్థలలో ప్రవేశమూ కష్టతరమైంది. ఆ పరిస్థితులలో కొందరు భారతీయ విద్యార్థులు డబ్లిన్ చేరారు. వారిలో గిరి ఒకరు. కింగ్స్ ఇన్స్‌లోనూ, యూనివర్సిటీ కాలేజీలోనూ ఆయన పేరు నమోదైంది.

ఆయన అడుగుపెట్టిన సంవత్సరమే ఆ నగర చరిత్రలో మరపురానిది. 1913 ఆగస్టులో ట్రాము కార్మికులు సమ్మెకు దిగారు. జేమ్స్ లార్కిన్ నెలకొల్పిన సంఘంలో సభ్యులైనవారికి పని ఇవ్వబోమని విలియం మార్టిన్ మర్ఫీ నాయకత్వాన యజమానులు పట్టుబట్టారు. సుమారు ఇరవైవేల మంది కార్మికులు నెలల తరబడి పనికి దూరమైనారు. మరుసటి సంవత్సరారంభంలో ఆకలికి తాళలేక ఓడిపోయి తిరిగి పనులలో చేరారు. కూలిరేట్లకంటె మూలమైన ప్రశ్న ఒకటి ఆ పోరాటంలో ఇమిడి ఉన్నది: కార్మికుని సంఘాన్ని యజమాని గుర్తించవలెనా, అక్కరలేదా? గిరి తరువాతి జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

కళాశాలలోని వాతావరణం కూడ సామాన్యమైనది కాదు. అక్కడ ఆంగ్లసాహిత్యం బోధించిన థామస్ మెక్‌డొనా స్వయంగా కవి, విమర్శకుడు; ఐరిష్ భాషా పునరుద్ధరణకు పాటుపడినవాడు. ఎలిజబెత్ రాణి కాలపు కవి థామస్ కాంపియన్‌పై పరిశోధన చేసిన ఆ అధ్యాపకుడే 1916 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈస్టర్ తిరుగుబాటులో స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన ఏడుగురిలో ఒకడు. పాట్రిక్ పియర్స్, జోసెఫ్ ప్లంకెట్ అనే మరి ఇద్దరు కవులూ ఆ ఏడుగురిలో ఉన్నారు. మే 3న మెక్‌డొనాను, మే 12న కార్మిక నాయకుడు జేమ్స్ కానలీని కాల్చిచంపారు. పాఠం చెప్పిన గురువు తుపాకుల ముందు నిలువవలసివచ్చిన ఆ వసంతంలో గిరికి ఇరువదిరెండేండ్లు కూడ నిండలేదు.

భారతీయ విద్యార్థులపై పోలీసుల అనుమానం అప్పటికే ఉన్నది. దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుతున్న బాధలను గూర్చి వారు వెలువరించిన కరపత్రం అధికారుల దృష్టికి వచ్చింది. తిరుగుబాటు అణగిన తరువాత దేశం విడిచిపొమ్మని గిరికి ఉత్తర్వు అందింది. 1916 జూన్‌లో న్యాయవాదిగా అర్హత పొందారు, బి. ఏ. మాత్రం పూర్తి కాలేదు.

ఇంతవరకు కథ సులభంగా నడుస్తుంది. డబ్లిన్ విత్తనం, కార్మికోద్యమం ఫలం అని తీర్పు చెప్పటం కూడ సులభమే. కాని చరిత్రకారుడు ఇక్కడ కొంత నిలువవలె. గిరి తన జ్ఞాపకాలను గ్రంథరూపంలో వెలువరించినది 1976లో. అనగా డబ్లిన్ విడిచిన అరువదేండ్లకు. జీవితం ఒక రూపు దిద్దుకున్న తరువాత మనిషి వెనుదిరిగి చూచినప్పుడు ఆరంభాలు ఆ రూపానికి అనుగుణంగానే కనబడతాయి. తిరిగివచ్చిన గిరి మొదట చేసినది న్యాయవాదవృత్తి; ఆపై సహాయనిరాకరణోద్యమం, 1922లో కారాగారం. ఎన్. ఎం. జోషి సాహచర్యం, రైల్వే కార్మికుల కష్టాలు ప్రత్యక్షంగా ఎదుటికి వచ్చిన పిమ్మటనే ఆయన దారి స్థిరపడింది. అఖిలభారత రైల్వే కార్మిక సమాఖ్య స్థాపకులలో ఆయన ఒకరు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆయన స్వస్థలమైన బరంపురం మీదుగా పోయేదే. ఆ రైల్వేలో ఉద్యోగుల తొలగింపునకు వ్యతిరేకంగా 1928లో ఆయన నడిపిన సమ్మె అహింసాయుతమైనది.

ఈ చివరి విశేషణం గమనింపదగినది. డబ్లిన్‌లో ఆయన తుపాకినీ చూచారు, సంఘాన్నీ చూచారు. స్వదేశానికి తెచ్చుకున్నది సంఘాన్ని. రెండవదానిని ఎన్నుకొనడానికి డబ్లిన్ చాలదు. అందుకు గాంధీయుగపు భారతదేశం కావలసివచ్చింది. విదేశవిద్య ప్రభావమంటే అచ్చుగుద్దినట్టు దిగేది కాదు. విద్యార్థి అక్కడ ఒక ప్రశ్నను సంపాదించుకుంటాడు; సమాధానం సొంత నేలమీద పుట్టవలె.

యజమాని, కార్మికసంఘం ఎదురెదురుగా కూర్చుండి వివాదాలు పరిష్కరించుకొనవలెననీ, నిర్బంధ న్యాయనిర్ణయం ఇరువురినీ బలహీనపరుస్తుందనీ కేంద్ర కార్మికమంత్రిగా గిరి వాదించారు. దానికి గిరి విధానమని పేరు వచ్చింది. సంఘాన్ని గుర్తించని నగరం ఎట్లా నలిగిపోయిందో 1913లో చూచినవాని మాట ఇది. బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే మార్చినప్పుడు 1954లో ఆయన మంత్రిపదవికి రాజీనామా చేశారు. తరువాత గవర్నరు పదవులు, ఉపరాష్ట్రపతి పదవి, 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతి పదవి వరుసగా వచ్చాయి. జీవితచరిత్రలు వీటికి అధ్యాయాలు కేటాయిస్తాయి. పూర్తికాని బి. ఏ.కు మిగిలే ఆ ఒక్క పేరాను కొంచెం పెంచితే, 1954 నాటి రాజీనామా మరింత బాగా అర్థమవుతుంది.