గాలి తగ్గాక వచ్చే యంత్రం

1864 నవంబరు 1 రాత్రి బందరు మీద విరుచుకుపడిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది చనిపోయారు. అప్పట్లో బయటి సాయం ఏదైనా ఓడలోనో, కాలవ పడవలోనో, ఎడ్లబండి మీదో చేరాలి. 113 ఏళ్ల తర్వాత, 1977 నవంబరు 19 శనివారం నాడు, కృష్ణ ముఖద్వారంలోని దివిసీమను మరో ఉప్పెన ముంచెత్తింది. అప్పటికి దేశానికి వాయుసేన ఉంది. హిమాలయాల్లో సైనికులను మోసి రాటుదేలిన హెలికాప్టర్లు ఉన్నాయి. అయినా ప్రభుత్వ లెక్కల్లోనే మృతులు దాదాపు 10,000. ఆ హెలికాప్టర్లు దివిసీమకు ఏం చేయగలిగాయి, ఏం చేయలేకపోయాయి అన్నది వాటి సేవా చరిత్రలో విడిగా రాసుకోవలసిన అధ్యాయం.

హెలికాప్టరుతో మనుషులను కాపాడడం మొదలైంది బంగాళాఖాతం అవతలి ఒడ్డునే. 1944 ఏప్రిల్‌లో బర్మా అడవిలో కూలిన చిన్న విమానంలోని వారిని అమెరికా సైన్యపు సికోర్‌స్కీ ఆర్-4 ఒక్కొక్కరినే బయటకు తెచ్చింది. ఒకసారికి ఒకరిని మించి మోసే శక్తి దానికి లేదు. మన వాయుసేనకు తొలి హెలికాప్టరు, సికోర్‌స్కీ ఎస్-55, 1954లో వచ్చింది. 1960 దశకం మొదట్లో రష్యా ఎంఐ-4లు, ఫ్రాన్సు అలువెట్-3లు చేరాయి. ఈ అలువెట్‌నే బెంగళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లైసెన్సుపై తయారుచేసింది. అక్కడ కట్టిన మొదటిది 1965లో ఎగిరింది. దానికి చేతక్ అని పేరు పెట్టారు. నౌకాదళం కూడా దాన్నే తీసుకుంది. 1971 యుద్ధంలో ఐఎన్ఎస్ విక్రాంత్ బంగాళాఖాతంలో తిరిగినప్పుడు, విమానాలు లేచేటప్పుడూ దిగేటప్పుడూ ఎవరైనా నీళ్లలో పడితే పైకి లాగడానికి అలువెట్ పక్కనే గాలిలో నిలిచి ఉండేది. తాడు దించి మనిషిని పైకి చేదుకునే వించ్ దాని ఒంట్లో భాగమైంది.

చేతక్ ప్రతిష్ఠ అంతా ఎత్తులో వచ్చింది. పలచని గాలిలో, తక్కిన హెలికాప్టర్లు ఊపిరి అందక వెనుదిరిగే చోట, అది దిగి లేచేది. కృష్ణా డెల్టాలో ఆ ప్రత్యేకతతో పని లేదు. ఇక్కడి నేల సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తు మాత్రమే. ఇంజనుకు బలం మిగులుతుంది, చాలనిది చోటే. పైలటు గాక ఆరుగురు కూర్చోవచ్చు, లేదా రెండు స్ట్రెచర్లు పడతాయి. ఇంధనంతో, మనుషులతో, సరుకుతో కలిపి మొత్తం బరువు 2,200 కిలోలు దాటకూడదు. దివిసీమ తీరాన సోర్లగొందిలోనో పాలకాయతిప్పలోనో ఊరంతా మునిగినప్పుడు ఆరుగురు అనే మాటకు అర్థం వేరు.

ఇక దూరం. హైదరాబాదు పక్కన హకీంపేట వాయుసేన కేంద్రం నుంచి దివిసీమలోని అవనిగడ్డకు గగనమార్గంలో సుమారు 300 కిలోమీటర్లు. విశాఖ నుంచి బందరుకు దాదాపు 280. చేతక్ ఒక్కసారి ఇంధనం నింపుకుంటే ఎగరగలిగేది 500 కిలోమీటర్ల చిల్లర. అంటే ఎటు నుంచి వచ్చినా మధ్యలో ఇంధనం అందకుండా పని చేసి తిరిగి వెళ్లలేదు. అందువల్ల రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి గన్నవరం విమానాశ్రయం డెల్టాకు ప్రాణవాయువు లాంటిది. అక్కడి నుంచి అవనిగడ్డ 60 కిలోమీటర్ల లోపే, గుడివాడ పాతిక లోపే. గుడివాడ రైలు జంక్షను, బియ్యపు వ్యాపారానికి కేంద్రం. రోడ్డూ రైలూ బాగున్నంతవరకు సరుకు గుడివాడ దాకా భూమి మీదే వస్తుంది. అక్కడి నుంచి కింద, కృష్ణ పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న దివిసీమకు వెళ్లాలంటే పులిగడ్డ అక్విడక్టు వంటి ఒకటి రెండు దారులే గతి. ఆ దారి తెగిన చోట హెలికాప్టరు పని మొదలవుతుంది.

1977లో ఆ దారులన్నీ తెగాయి. గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. చేతక్ అత్యధిక వేగం గంటకు 210. తన వేగంతో సమానంగా వీచే గాలిలోకి ఏ హెలికాప్టరూ లేవదు, లేవకూడదు. ఐదు మీటర్లకు పైగా లేచిన ఉప్పెన పది పదిహేను కిలోమీటర్లు లోపలికి దూసుకొచ్చింది. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయింది ఆ కొద్ది గంటల్లోనే. బతికినవాళ్లు తాటిచెట్లను కావలించుకుని బతికారు. ఆ రాత్రి ప్రాణాలు కాపాడింది తాటిచెట్టు, మిద్దె, గుడి, బడి. సైనిక యంత్రం ఎంత గొప్పదైనా దాని వంతు తెల్లవారాక, గాలి తగ్గాకే వస్తుంది. దీన్ని సైన్యం లోపంగా చూడడం పొరపాటు. ఉప్పెన స్వభావమే అంత.

ఆ తర్వాతి రోజుల్లో హెలికాప్టరు చేసిన మొదటి మేలు చూడడం. టెలిఫోను తీగలు తెగాయి, చెట్లు రోడ్లకడ్డంగా పడ్డాయి, కరకట్టలకు గండ్లు పడ్డాయి. నాగాయలంక, కోడూరు వైపు ఎంత నష్టం జరిగిందో రాజధానికి తెలియాలంటే పైనుంచి చూడవలసిందే. కోతకు వచ్చిన సార్వా వరి మీద ఉప్పునీళ్లు, ఆ నీళ్లలో మనుషుల, పశువుల శవాలు. రెండో మేలు ఆహార పొట్లాలు జారవిడవడం. ఈ పనిలో ఒక కష్టం ఉంది. కిందికి దిగితే రెక్కల గాలి మిగిలిన తాటాకు కప్పుల్ని కూడా లేపేస్తుంది. పైనుంచి వదిలితే సగం పొట్లాలు నీళ్లపాలవుతాయి. చేతులు చాచిన వాళ్లలో బలమున్నవాడికే అందుతాయి, ముసలివాళ్లకూ గాయపడ్డవాళ్లకూ అందవు. మంచినీళ్ల సంగతి ఇంకా కఠినం. బావులు, చెరువులు ఉప్పుబారిన చోట ఊరందరి దాహం హెలికాప్టరు తీర్చలేదు. లీటరు నీళ్లు కిలో బరువు. నాలుగైదు వందల లీటర్లతోనే చేతక్ నిండిపోతుంది, రోడ్డు బాగుంటే ఒక ట్యాంకరు లారీ దానికి పది రెట్లు తెస్తుంది. నా ఉద్దేశంలో, చిన్న హెలికాప్టరుకు సరైన బరువు డాక్టరు, మందుల పెట్టె, వైర్‌లెస్ సెట్టు. మిగతాదంతా దారి పునరుద్ధరించే మనుషుల పని. ఆ పనికి అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు వంటి వారు, స్వచ్ఛంద సంస్థలు, చందాల కోసం జోలె పట్టి వీధుల్లోకి వచ్చిన సినిమా నటులు నిలబడ్డారు.

పెద్ద హెలికాప్టరు లేదా అంటే ఉంది. 1970 దశకం తొలి ఏళ్ల నుంచి వాయుసేనలో రష్యన్ ఎంఐ-8లు చేరుతూ వచ్చాయి. 24 మందిని గాని 12 స్ట్రెచర్లను గాని మోసే యంత్రమది. సియాచిన్‌లో, శ్రీలంకలో పనిచేసి, 2017 డిసెంబరు 17న బెంగళూరు యలహంకలో వీడ్కోలు అందుకుంది. దాని స్థానాన్ని ఎంఐ-17 వంశం తీసుకుంది.

1990 మే 9న దాదాపు అంతే తీవ్రమైన తుపాను మళ్లీ కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. మృతులు వెయ్యి లోపే. హెలికాప్టర్లు పదమూడేళ్లలో పెద్దగా మారలేదు. మారింది ముందస్తు హెచ్చరిక. ఇన్సాట్ ఉపగ్రహ చిత్రాలు వచ్చాయి, బందరులో తుపాను రాడారు వచ్చింది, తుపాను షెల్టర్లు లేచాయి, లక్షకు పైగా జనాన్ని గాలి రాకముందే తరలించారు. 1977 చేసిన గాయానికి అసలైన జవాబు అదే. హెలికాప్టరు గొప్పతనాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ వరసను తారుమారు చేయకూడదు.

వరద సంగతి వేరు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి, కింద లంక గ్రామాలను ముంచింది. నది మెల్లగా పెరుగుతుంది, రోజుల తరబడి నిలుస్తుంది, గాలి ఉండదు. మిద్దె మీద చిక్కినవాడు చేయి ఊపితే పైలటుకు కనిపిస్తాడు. వించ్ కోసం పుట్టిన యంత్రానికి ఇది తగిన రంగం. 2021 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన జరిగిన తేదీనే, అనంతపురం జిల్లా చిత్రావతి నదిలో చిక్కుకున్న పదిమందిని వాయుసేన ఎంఐ-17 ఇలాగే పైకి లాగింది.

దిగే చోటు మాత్రం డెల్టాలో తగ్గుతోంది. 1980ల నుంచి వరి పొలాలు చేపల చెరువులుగా, రొయ్యల గుంటలుగా మారాయి. కైకలూరు నుంచి బందరు దాకా ఆకాశం నుంచి కనిపించేది గట్ల గళ్లు, మధ్యలో నీళ్లు. లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి ప్రయాణిస్తున్న ప్రైవేటు హెలికాప్టరు 2002 మార్చి 3న కైకలూరు దగ్గర పడింది అలాంటి ఒక చేపల చెరువులోనే. 1977 నాటి పైలటుకు నీళ్లు తీశాక పొలం దొరికేది. నేటి పైలటు బడి ఆవరణో రోడ్డో వెతుక్కోవాలి.

విశాఖలోని నౌకాదళ వైమానిక కేంద్రం ఐఎన్ఎస్ డేగాలో 2009 మార్చి 24న కొలువుదీరిన యూహెచ్-3హెచ్‌లు ఈ తీరానికి మంచి అండ అయ్యాయి. అమెరికా నుంచి కొన్న యుద్ధనౌక జలాశ్వతో పాటు వచ్చిన ఆరు పాత సికోర్‌స్కీలవి. పడవ లాంటి అడుగుభాగంతో అవసరమైతే నీళ్ల మీద తేలగలవు. 2022 జూలై గోదావరి వరదల్లో సహాయ సామగ్రి మోశాయి. 2024 జూన్ 28న వాటిని విరమింపజేశారు. రెండు నెలలు తిరిగేసరికే బుడమేరు వాగు పొంగి విజయవాడ మునిగింది. ప్రకాశం బ్యారేజీ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు దాటింది. నౌకాదళం పంపిన హెలికాప్టర్లలో ఏఎల్‌హెచ్ (అడ్వాన్స్‌డ్ లైట్ హెలికాప్టర్)లతో పాటు అరవై ఏళ్ల నాటి నమూనా చేతక్ కూడా ఉంది. మిద్దెల మీదికి పొట్లాలు వదలడంలో ఈసారి డ్రోన్లూ చేయి కలిపాయి. కిందనున్న గుడివాడ ప్రాంతంలో, నందివాడ మండలం ఊళ్లకు, బుడమేరు నీళ్లు తీసేదాకా పడవలు, ట్రాక్టర్లే దిక్కయ్యాయి.

చేతక్ స్థానంలోకి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన లైట్ యుటిలిటీ హెలికాప్టరు రావలసి ఉంది. దాని కోసం కర్ణాటకలోని తుమకూరులో 2023 ఫిబ్రవరిలో కొత్త కర్మాగారాన్ని ప్రారంభించారు. ఇంజను బలమైనది, పరికరాలు ఆధునికమైనవి, బరువు మూడు టన్నుల పైచిలుకు. ఇద్దరు పైలట్లు గాక అదీ మోసేది ఆరుగురినే. ఎదురుమొండి వంటి దీవుల్లో ఈసారి ఎంతమందిని ముందే ఖాళీ చేయించాలో లెక్కకట్టే అధికారి ఆ సంఖ్యను పక్కన పెట్టుకునే లెక్క వేయాలి.