జాడ మిగలని ఆదేశాలు

1975 జూన్ 25 రాత్రి ప్రధాని ఇందిరా గాంధీ నుంచి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌కు ఒక లేఖ వెళ్లింది. అత్యవసర పరిస్థితి విధించాలన్నది దాని సారాంశం. ఆ రాత్రే మంత్రివర్గాన్ని సమావేశపరచడం సాధ్యం కానందున, ప్రభుత్వ కార్యకలాపాల నియమావళిలోని 12వ నిబంధన ఇచ్చిన వెసులుబాటును వాడుకుంటున్నట్లు ఆమె అందులో పేర్కొన్నారు. మర్నాడు ఉదయం ఆరు గంటలకు సమావేశమైన మంత్రులు, అప్పటికే జరిగిపోయిన నిర్ణయాన్ని విన్నారు. 1977లో ఏర్పడిన షా కమిషన్ ఈ క్రమాన్ని దేశం ముందు ఉంచగలిగిందంటే, ఆ కాగితం మిగిలి ఉండటం ఒక ముఖ్య కారణం.

సచివాలయ ఫైలును జాప్యానికి మారుపేరుగా దశాబ్దాలపాటు నిందించారు. ఆ నింద అబద్ధం కాదు. అయితే ఎడమవైపు నోట్ షీట్లు, కుడివైపు ఉత్తరప్రత్యుత్తరాలు, పేరా పేరాకూ వరుస సంఖ్య, ప్రతి అభిప్రాయం కింద సంతకం, తేదీ ఉండే ఆ అమరికలో ఒక రక్షణ ఉండేది. ఎవరు ప్రతిపాదించారో, ఎవరు అభ్యంతరం చెప్పారో, ఎవరు కాదని ముందుకు వెళ్లారో అందులో కనిపించేది.

1976లో ఏర్పడిన జాతీయ సమాచార కేంద్రం ప్రభుత్వ కార్యాలయాలకు కంప్యూటర్లను, తరువాత ఈమెయిల్‌ను అలవాటు చేసింది. ఈమెయిల్ ఫైలు గుణాలను చాలావరకు నిలబెట్టుకుంది. పంపినవారి చిరునామా, తేదీ, విషయం అందులో నమోదవుతాయి. ప్రతి ఇరువైపులా మిగులుతుంది. ఏ సంస్థ సర్వర్ నుంచైనా మరే సంస్థ సర్వర్‌కైనా చేరుతుంది. అందుకే 2005 నాటి సమాచార హక్కు చట్టం ‘సమాచారం’ నిర్వచనంలో ఈమెయిళ్లను పేరు పెట్టి చేర్చింది. ఫైలు నోటింగులను ఆ చట్టం పరిధి నుంచి తప్పించాలని 2006లో జరిగిన ప్రయత్నం ప్రజల వ్యతిరేకతతో ఆగిపోయింది.

ఆ తరువాత వచ్చిన సాఫ్ట్‌వేర్ వేగాన్ని ఇచ్చి క్రమాన్ని తీసుకుపోయింది. 2005లో బయటి సేవలతో మాట్లాడగలిగే పద్ధతిలో మొదలైన గూగుల్ టాక్, 2013లో హ్యాంగవుట్స్‌గా మారుతూ ఆ తలుపు మూసుకుంది. స్లాక్ 2018లో అదే పని చేసింది. మన దేశంలో జిల్లా కార్యాలయం నుంచి మంత్రిత్వ శాఖ దాకా పని వాట్సాప్ గ్రూపుల్లోకి జారింది. అక్కడ ఫైలు సంఖ్య లేదు, విషయం లేదు. ఆదేశం, సందేహం, పుట్టినరోజు శుభాకాంక్షలు ఒకే వరుసలో దొర్లిపోతాయి. పని వేళ అంటూ మిగలని కింది ఉద్యోగికి నిన్నటి ఆదేశాన్ని వెతుక్కోవడమే ఒక పని. 2020 నవంబరులో, ఏడు రోజుల తరువాత వాటంతటవే మాయమయ్యే సందేశాల సదుపాయం కూడా వచ్చింది.

ప్రభుత్వం స్పందించకపోలేదు. అధికారిక పనికి ప్రభుత్వ ఈమెయిలే వాడాలని 2015లో విధానం ప్రకటించింది. 2020 ఏప్రిల్‌లో జూమ్ సురక్షితం కాదని హోం శాఖ హెచ్చరించింది. 2021లో ‘సందేశ్’ యాప్ వచ్చింది. 2025లో హోం మంత్రి అమిత్ షా తన మెయిల్‌ను స్వదేశీ సంస్థ జోహోకు మార్చుకున్నట్లు ప్రకటించారు. అయితే ఈ చర్చంతా సర్వర్ ఎవరిది, సమాచారం ఏ దేశంలో ఉంది అన్న ప్రశ్నల చుట్టూనే తిరుగుతోంది. నిర్ణయం నమోదవుతోందా అన్న ప్రశ్న వెనకబడింది.

దానికి చట్టం ఎప్పుడో జవాబిచ్చింది. 1993 నాటి ప్రభుత్వ రికార్డుల చట్టం కంప్యూటర్ ద్వారా తయారైన సమాచారాన్ని కూడా రికార్డుగా గుర్తించింది. చట్టవిరుద్ధంగా రికార్డును ధ్వంసం చేస్తే ఐదేళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చు. ఈనాడు అదే పనిని ఫోన్‌లోని ఒక మీట చేసిపెడుతోంది.

దీనివల్ల పైవారికి కలిగే నష్టం తక్కువ. ఫోన్‌లో అందిన ఆదేశాన్ని ఫైలు మీద అమలు చేసిన కింది అధికారి సంతకం మాత్రం మిగులుతుంది. రేపు విచారణ జరిగితే దొరికేది ఆ సంతకమే. షా కమిషన్ ముందు ప్రధాని లేఖ ఉంది. ఇప్పటి నిర్ణయాలపై రేపు కూర్చోబోయే కమిషన్‌కు ఖాళీ తెర మిగిలితే, ఆ లోటును ఏ స్వదేశీ సర్వరూ పూడ్చలేదు.