మా ఇంటి రాయబారి

మొన్న రావులపాలెంలో మా పెరట్లోంచి పాత ఇనుము వాళ్లు అంబాసిడర్ కారును లాక్కుపోతుంటే అత్తయ్యగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. నేను కాపురానికొచ్చింది ఆ కారులోనే. మావయ్యగారిని చివరిసారి ఆసుపత్రికి తీసుకెళ్లిందీ అదే.

అంబాసిడర్ అంటే రాయబారి కదండీ! ఈ రాయబారి పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారే 1957లో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో, హిందుస్థాన్ మోటార్స్ వారింట పేరు మార్చుకుని మన కోడలైంది. యాభై ఏళ్లు దాటినా రూపం పెద్దగా మార్చుకోలేదు. మంత్రిగారికైనా, పెళ్లికూతురికైనా, పురిటికెళ్లే పిల్లకైనా అదే కారు. 1983లో మారుతి 800 వచ్చాక దాని వైభవం తగ్గింది. 2014 మే నెలలో తయారీయే ఆగిపోయింది.

మా బండి మాత్రం ఇంజను చెడి మూలపడలేదు సుమండీ! ఇనుముకు నీరూ గాలీ తగిలితే తుప్పు. ఉప్పు తోడైతే అది మరీ త్వరపడుతుంది. గోదావరి పాయల మధ్య ఊళ్లలో చెమ్మకేం కరువు? పైగా ఏటా అంతర్వేది తీర్థానికి వెళ్లి సముద్రపు గాలి మూటగట్టుకొచ్చేది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంది, లోపల తలుపుల కింద రేకు జల్లెడైపోయింది. "ఇంజను ఇంకా లాగుతుందమ్మా, మోయడానికి ఒళ్లే లేదు" అన్నాడు మెకానిక్కు.

మావయ్యగారి ఆఖరి రోజుల్లో డాక్టరుగారూ ఇంచుమించు ఇదే మాటన్నారు.

లారీ కదలబోతుంటే అత్తయ్యగారు ఆగమని, కొబ్బరికాయ తెచ్చి కొట్టారు. కొన్ననాడు కూడా ఆవిడే కొట్టారట.