గుణవృక్షకము: మన ఓడల కొయ్యలు, త్రాళ్లు

చిత్తూరు సీమవారికి తెప్ప తెలియును. తిరుమల స్వామిపుష్కరిణిలో ఫాల్గుణమాసమున జరుగు తెప్పోత్సవమును చూడనివారు అరుదు. కాని కొయ్య నిలిపి, అడ్డకొయ్య కట్టి, తెరచాప నెత్తి కడలిపై సాగు ఓడ మాత్రము ఈ మెట్టసీమకు కథలలోని వస్తువువలె తోచును. నిజమునకు సముద్రము మనకంత దూరము కాదు. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఏర్పడిన తిరుపతి జిల్లాలో పులికాటు సరస్సు ఉత్తరభాగమును, దుగరాజపట్నమును చేరియున్నవి. ఆ దుగరాజపట్నముననే 1626 ప్రాంతమున ఇంగ్లీషువారు వర్తకశాలను స్థాపించిరి. వారి నోట ఆ ఊరు ఆర్మగాన్ అయినది. ఆ వర్తకశాల అధికారియైన ఫ్రాన్సిస్ డే, చంద్రగిరి రాయల యేలుబడిలోని దామర్ల నాయకులనుండి 1639లో చెన్నపట్నపు నేలను సంపాదించెను.

ఆ దొరల ఓడలకు మూడు కొయ్యలు; ఒక్కొక్క కొయ్య ఒకదానిపై నొకటి అతికిన తునకలు; ప్రతి తునకకును అడ్డకొయ్యలు. వానికి సంబంధించిన పటములును కొలతల గ్రంథములును పడమటి దేశములందు పెక్కులు నిలిచియున్నవి. కావుననే ప్రాచీన ఆంధ్రనౌకకు నమూనా చేయబూనినవాడు ఆ పటములనే ముందిడుకొను ప్రమాదమున్నది. అట్లు చేసిన బొమ్మ చూడ ముచ్చటగనే యుండును. అది దుగరాజపట్నమునకు వచ్చిన ఓడ యగును గాని, మన తీరమునుండి వెడలిన ఓడ కాజాలదు.

మన ఓడకు సాక్ష్యమేది? మొదటి సాక్షి ఒక సీసపు కాసు. శాతవాహనులలో పులుమావి పేరను, క్రీ.శ. రెండవ శతాబ్దపు ఉత్తరార్ధమున నేలిన యజ్ఞశ్రీ శాతకర్ణి పేరను ముద్రితమైన నౌకానాణెములు చోళమండల తీరమునను ఆంధ్రదేశమునను లభించినవి. రాప్సన్ పండితుడు 1908లో ప్రకటించిన నాణెముల పట్టికలో వీనిని వర్ణించెను. రెండు వేళ్లనడుమ ఇమిడెడు ఆ బిళ్లపై అర్ధచంద్రాకారమున వంగిన ఓడ, దానిపై రెండు కొయ్యలు, ప్రతి కొయ్య శిరస్సునుండి ఇరువైపులకు దిగిన త్రాళ్లు, వెనుక చుక్కానిగా పనిచేయు తెడ్లు కలవు. విప్పిన తెరచాప లేదు. అంత ఇరుకున పనిచేసిన కమ్మరి తెరచాపను వదలి త్రాళ్లను చెక్కుట యోచింపదగిన విషయము. ఓడను ఓడగా నిలుపునది ఏదియో అతడెరుగును.

అమరసింహుడును ఎరుగును. ఆయన కోశమున ఓడకొయ్యకు కూపకము, గుణవృక్షకము అని రెండు పేర్లు కలవు. కూపమనగా గుంట, కొయ్య మొదలు దిగు గుంటనుబట్టి మొదటి పేరు వచ్చెనని ఊహింపవచ్చును. గుణమనగా త్రాడు, గుణవృక్షకము త్రాళ్లకు ఆధారమైన చెట్టు. ఇంతకంటె చక్కని వర్ణన ఏ నౌకాశాస్త్రమున నున్నది?

కొయ్యను నిలుపు త్రాళ్లు వేరు, చాపను నడుపు త్రాళ్లు వేరు. మొదట కొయ్య మొదలును ఓడ వెన్నుదూలముపై తొలిచిన గుంటలో దింపవలెను. పిదప ముందునకు, వెనుకకు, ఇరుప్రక్కలకు మోకులు లాగి కట్టవలెను. ఒక ప్రక్క మోకులన్నియు బిగించి రెండవ ప్రక్కకు పోరాదు. ఎడమ కొకటి, కుడి కొకటి చొప్పున బిగింపకున్న కొయ్య వంగును. తరువాత అడ్డకొయ్య. ఇది నడుమ లావుగను కొనలయందు సన్నముగను ఉండవలెను. భారమంతయు నడుమనే పడుట అందులకు హేతువు. దానిని పైకెత్తుటకొక త్రాడు, కొయ్యకు అంటియుండి జారునట్లు చుట్టిన వలయమొకటి, గాలివాటమునుబట్టి త్రిప్పుటకు రెండు కొనలకును రెండు త్రాళ్లు, చాప క్రింది మూలలను పట్టుటకు మరి రెండు.

నమూనాయందు త్రాటి లావును కూడ తగ్గించుట మరువరాదు. నలుబదియెనిమిదవ వంతు కొలతను పెట్టుకొన్నచో 48 అడుగుల కొయ్య ఒక అడుగగును. అంగుళము లావు మోకు కుట్టుదారమగును. ఆ దారమునకు తేనెమైనము పూసినగాని నూగు లేచి, చూచువారికి కొబ్బరిపీచు మోకు కాక గొంగళిపురుగు జ్ఞప్తికి వచ్చును.

కాసుపై కానరాని తెరచాపకు అజంతా రెండవ గుహలోని చిత్రము సాక్షి. అందు మూడు కొయ్యలు, వానిపై ఎత్తైన దీర్ఘచతురస్రపు చాపలు, ఓడనిండ కుండలు, వెనుక చుక్కాని తెడ్లు కలవు. అట్టి చాపకు అడ్డకొయ్య తప్పదు. ఋతుపవనమును వెనుక నిడుకొని పోయి, గాలి మారినపిమ్మట తిరిగివచ్చు వర్తకునకు ఆ చాప చాలును. తెరచాప యను మాటలోనే చాప యున్నది. మన పూర్వులు ఒకప్పుడు అల్లిన చాపలనే ఎత్తిరేమో! భోజుని పేర వ్యవహరింపబడు యుక్తికల్పతరువు నాలుగు కొయ్యల ఓడకు తెలుపు, మూడింటికి ఎరుపు, రెండింటికి పసుపు, ఒక కొయ్యకు నీలము రంగు వేయుమనును. అచ్చటి మూలపదము శృంగము. దానికి ఓడకొయ్య యని అర్థము చెప్పుట వ్యాఖ్యాతల పని. రంగులు చెప్పిన ఆ గ్రంథము త్రాళ్ల మాట చెప్పినచో మరింత మేలు చేసియుండెడిది.

త్రాడు తెగిన ఫలమేమో మోటుపల్లి శాసనము చెప్పును. గాలివానకు చెదరి, విరిగి, పరదేశపు ఒడ్డున పడిన ఓడలోని బంగారమును, ఏనుగులను, గుర్రములను, రత్నములను పూర్వపు రాజులు బలిమిని గైకొనుచుండిరి. కాకతి గణపతిదేవుడు 1244లో ఆ దురాచారమును మాన్పి, సుంకము మాత్రము గ్రహించి వర్తకులకు అభయమిచ్చెను. కొయ్య కూలిన క్షణముననే వర్తకుని సర్వస్వము పోవు దినములవి.

పందొమ్మిదవ శతాబ్దమున చోళమండలపు దోనికి ఒక్కటే కొయ్య. జాన్ ఎడ్యి అను ఇంగ్లీషు నౌకాశిల్పి 1834లో దానిని కొలిచి 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 11 అడుగుల లోతు అని వ్రాసి, అంతటి మోటు ఓడను తాను చూడలేదనెను. కాని ఆ బల్లపరుపు అడుగు లోతులేని నీటికొరకని గ్రహించినచో ఆ తీర్పు కొంత మెత్తబడవలసినది. 1830–32 నడుమ భూమిని చుట్టివచ్చిన ఫ్రెంచి నౌక లా ఫేవరీట్‌లోని యువ అధికారి ఎడ్మండ్ పారీ అట్లు నవ్వలేదు. ఆసియా తీరముల పడవలను కొలతలతో చిత్రించి 1840ల నాటికి గ్రంథము వెలువరించెను. తరువాత 1871నుండి పారిసునందలి లూవ్రు నౌకాప్రదర్శనశాలకు అధిపతియై, ఆ పటములనుబట్టి నమూనాలు చేయించెను. చేసినవారి దేశమున నిలువని కొలతలు చూచినవారి దేశమున నిలిచినవి.

మన దేశమునను ఈ పని ఇటీవల పెద్ద ఎత్తున జరిగినది. అజంతా చిత్రము నాధారముగా గొని, కేరళ శిల్పి బాబు శంకరన్ బృందము గోవాలో పలకలను కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టి ఒక ఓడను నిర్మించెను. 2025 మే 21న కార్వారులో భారత నౌకాదళము దానిని చేర్చుకొని కౌండిన్య యని పేరిడెను. పలమనేరువారికి అది తమ యేటి పేరు. అట్టి ఓడకు పటములేవియు మిగిలియుండలేదు. అందుచేత ముందుగా ఒక నమూనాను చేసి మద్రాసు ఐ.ఐ.టి.లోని నీటితొట్టిలో పరీక్షించిరి. ఓడకొయ్య విషయము వేరుగా విచారింపవలసి వచ్చినది. నేటి కాలపు సామగ్రిని వాడక చేయుటచే, ఆ కొయ్య ఎంత గాలికి నిలుచునో నౌకాదళపు ఇంజనీర్లు తామే లెక్కకట్టిరి. 2025 డిసెంబరు చివర ఆ ఓడ పోరుబందరునుండి మస్కట్టునకు తెరచాప నెత్తినది.