బుల్లెట్టు, జావా, ఒక పానా

1970లలో పాలకొల్లు నుండి మద్రాసు దాకా మోటారు సైకిలుపై పోవలెనంటే, దారిలో బండి ఆగుతుందనే లెక్కతోనే బయలుదేరవలసి ఉండేది. వానలో పాయింట్లకు తడి చేరి నిప్పురవ్వ రాకపోతే, గరుకు కాగితంతో రుద్ది, సుమారు 0.4 మిల్లీమీటర్ల ఎడం సరిచూచుకొని సాగిపోవచ్చును. అది చిన్న చిక్కే.

పెద్ద చిక్కు మరలది. మద్రాసులో బుల్లెట్టు తయారీకి 1955లో పునాది పడినది. మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం 1961లో మొదలైనది. మొదటిది ఆంగ్లేయుల బండి గనుక దాని మరలకు అంగుళాల కొలత. రెండవది చెక్కుల బండి గనుక మిల్లీమీటర్ల కొలత. 1956 నాటి తూనికలు కొలతల చట్టం తరువాత దేశం క్రమంగా మెట్రిక్ పద్ధతికి మళ్ళినా, బుల్లెట్టు మరలు చాలాకాలం మళ్ళలేదు! ఒకదాని పానా మరొకదానికి సరిగా పట్టదు. బలవంతపెడితే నట్టు అంచులరిగి గుండ్రనైపోతుంది. (విసంధి దోషాన్ని తరగతిలో ఇంత స్పష్టంగా చూపడం నావల్ల కాలేదు.) చేతిలో ఎంత విద్య ఉన్నా, పెట్టెలో తగిన పానా లేకనో, విడిభాగం విజయవాడ నుండి బస్సులో రావలసి ఉండో, మెకానిక్కు చేతులు కట్టుకొని కూర్చోవలసినదే. ఆలస్యానికి అతనిని తిట్టిపోయడం అన్యాయమని నా అభిప్రాయం. బండి పాలకొల్లులోనే మొరాయిస్తే కొంత నయం, క్షీరారామలింగేశ్వరుని దర్శనమైనా దక్కుతుంది.

బుల్లెట్టు విడిభాగాలు నేటికీ దొరుకుతున్నవి. మైసూరు కర్మాగారం 1996లో మూతపడిన పిమ్మట జావా యజమానులు పాత ఇనుప దుకాణాలలో విప్పేసిన బండ్లను వెదకవలసి వచ్చినది. 2018లో అదే పేరుతో వచ్చిన కొత్త బండ్లు నాలుగు స్ట్రోకులవి. వాటి పిస్టను పాత రెండు స్ట్రోకుల ఇంజనులో అమరదు.