కీళ్ల నొప్పులున్న పెద్దలకు నీటిలో వ్యాయామం: లాభమెంత, జాగ్రత్తలేంటి?

మోకాళ్లు అరిగిన పెద్దలకు జంగారెడ్డిగూడెంలోనైనా, హైదరాబాద్‌లోనైనా డాక్టర్లు చెప్పేది ఒకటే: కాళ్లు కదపండి, నడవండి. కానీ అడుగు వేస్తేనే నొప్పి పుట్టేవారికి అది కష్టం. రుకూ, సజ్దా చేయలేక కుర్చీలో కూర్చుని నమాజ్ చదివే పెద్దలు చాలామందే ఉన్నారు. ఇలాంటివారికి నీటిలో వ్యాయామం ఒక దారి.

ఎలా పనిచేస్తుంది?
నీరు శరీరాన్ని పైకి తేలుస్తుంది. నడుము లోతు నీటిలో నిలబడితే కాళ్ల మీద పడే బరువు దాదాపు సగానికి, ఛాతీ లోతులో సుమారు మూడో వంతుకు తగ్గుతుంది. అయినా నీటిని తోసుకుంటూ నడవాలి కాబట్టి కండరాలకు పని తప్పదు. గోరువెచ్చని నీళ్లయితే బిగుసుకున్న కండరాలు సడలుతాయి.

ఫలితం ఎంత?
మోకాలు, తుంటి అరుగుదల ఉన్న 1,190 మందిపై జరిగిన 13 అధ్యయనాలను కొక్రేన్ సంస్థ 2016లో సమీక్షించింది. నొప్పి కొద్దిగా తగ్గి, కదలిక కొద్దిగా మెరుగైందని తేలింది. అరిగిన కీలు మళ్లీ కొత్తది కాదు. మందులు సొంతంగా మానేయకూడదు.

ఎలా చేయాలి?
ఈత రానక్కర్లేదు. మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ ఉన్న పూల్‌లో, తోడు మనిషితోనే దిగాలి. ముందుకూ వెనక్కూ నడవడం, కడ్డీ పట్టుకుని కాలు పక్కకు ఎత్తడం, మోకాలు మడిచి చాపడం చాలు. మొదట 10 నిమిషాలు చేసి, మెల్లగా పెంచుకోవాలి. నొప్పి 2 గంటలు దాటినా తగ్గకపోతే తర్వాతిసారి తగ్గించి చేయాలి. చీర, దుపట్టా నీటిలో కాళ్లకు చుట్టుకుంటాయి. ఒంటినిండా కప్పే ఈత దుస్తులు వేసుకోవచ్చు. మహిళలకు వేరే సమయం ఉందేమో ముందే అడగాలి.

ఎవరు దిగకూడదు?
జ్వరం, మానని పుండ్లు ఉన్నవారు దిగకూడదు. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఫిట్స్ ఉన్నవారు, షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారు ముందు డాక్టర్‌ని అడగాలి.

ఎర్రకాలువలో చేయొచ్చా?
వద్దు. కాలువైనా, కొంగువారిగూడెం జలాశయమైనా అడుగున జారుడు, లోతు తెలియదు. వానాకాలంలో ఎర్రకాలువకు ఉన్నట్టుండి వరద వస్తుంది. పూల్ అందుబాటులో లేనివారు ఇంట్లోనే కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు నిటారుగా చాపి, 5 సెకన్లు ఉంచి దించాలి. రోజూ రెండు పూటలా 10 సార్లు చేస్తే తొడ కండరం బలపడి, మోకాలికి ఆసరా అవుతుంది.